రొట్టె ముక్కలో ఊరి చరిత్ర

ఐరోపా ఖండంలోని అనేక దేశాలలో భోజనశాలకు వెళ్ళి కూర్చున్న అతిథి ముందుకు మొట్టమొదట వచ్చేది రొట్టెల బుట్ట. అన్నం తిని పెరిగిన తెలుగువాడు దానిని చిరుతిండిగా ఎంచి, అసలు వడ్డన కోసం ఎదురుచూస్తాడు. ఒకప్పుడు మన ఇళ్ళలో అంగడి రొట్టె అంటే జ్వరపడి లేచినవారికి పాలలో ముంచి పెట్టే పథ్యమే గదా! కాని ఆ దేశాలవారికి రొట్టె అంటే మనకు అన్నం వంటిది. "అన్నం తిన్నారా?" అని మనం అడిగినప్పుడు ఆ ఒక్క మాటలో భోజనమంతా ఇమిడి ఉన్నట్లే, వారి భాషలలో రొట్టె అనే మాటలో బ్రతుకుతెరువంతా ఇమిడి ఉన్నది. లాటిను భాషలో రొట్టెను 'పానిస్' అంటారు. తోడివానికి చెప్పే 'కంపానియన్' అనే ఇంగ్లీషు మాట దానినుండి పుట్టినదే. ఒకే రొట్టెను పంచుకొని తినేవాడని దాని మూలార్థం. పోర్చుగీసు భాషలో అదే 'పావ్' అయి, వారి ఓడలతో గోవా చేరి, మన బజారులలోని పావ్ రొట్టెగా నేటికీ నిలిచి ఉన్నది.

యాత్రికులు కోటలను, చర్చిలను, చిత్రశాలలను చూచి చరిత్ర తెలుసుకున్నామని తృప్తిపడతారు. బుట్టలోని రొట్టె ముక్క కూడా అటువంటి చారిత్రక సాక్ష్యమే. దానిని చేతిలోకి తీసుకొని నాలుగు ప్రశ్నలు అడగవచ్చును. ఈ నేలలో ఏ ధాన్యం పండినది? కాల్చడానికి కట్టెలు ఎంత దొరికినవి? రొట్టె ధరను, తూకాన్ని శాసించినవారు ఎవరు? పంట పోయిన యేడు జనం ఏమి తిన్నారు? ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానం రొట్టె రంగులో, బరువులో, పెచ్చు మందంలో, పులుపులో దొరుకుతుంది.

ఇటలీలోని నేపుల్స్ నగరపు పురావస్తుశాలలో నల్లగా బొగ్గయిన గుండ్రని రొట్టెలున్నవి. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బ్రద్దలై పాంపే, హెర్క్యులేనియం పట్టణాలను బూడిదలో కప్పివేసినది. పాంపేలో 30కి పైగా రొట్టెల దుకాణాలు త్రవ్వకాలలో బయటపడినవి. 1862లో త్రవ్విన ఒక దుకాణపు బట్టీలో 81 రొట్టెలు పెట్టినవి పెట్టినట్లే దొరికినవి. ఒక్కొక్క రొట్టె పైన మధ్యనుండి అంచుకు గీతలు గీసి ఎనిమిది భాగాలుగా విరుచుకొనే వీలు కల్పించినారు. దుకాణాల ముంగిట డమరుకాన్ని పోలిన పెద్ద తిరుగళ్ళున్నవి. అగ్నిపర్వతపు రాతితో చేసిన ఆ తిరుగళ్ళను గాడిదలు త్రిప్పేవి. హెర్క్యులేనియంలో దొరికిన ఒక రొట్టె మీద ముద్ర ఉన్నది. క్వింటస్ గ్రేనియస్ వేరుస్ అనే యజమానికి చెందిన దాసుడు కేలెర్ రొట్టె ఇది, అని దాని భావం. చక్రవర్తుల పేర్లు రాతిమీద నిలిచినవి. ఒక దాసుని పేరు మాత్రం రొట్టె మీద దాదాపు 2 వేల యేళ్ళు నిలిచినది.

రోమను రాజ్యంలో రొట్టె రాజకీయం కూడా. క్రీ.పూ. 123లో గైయస్ గ్రాకస్ అనే ప్రజానాయకుడు నగర పౌరులకు తక్కువ ధరకు ధాన్యం ఇచ్చే శాసనం తెచ్చినాడు. తరువాతి కాలంలో ధాన్యం ఉచితమైనది. 3వ శతాబ్దంలో ఆరేలియన్ చక్రవర్తి ధాన్యానికి బదులు కాల్చిన రొట్టెనే పంచిపెట్టే ఏర్పాటు చేసినాడు. రోము నగరానికి ఆ గోధుమ ఈజిప్టునుండి, ఉత్తర ఆఫ్రికానుండి ఓడలలో వచ్చేది. ఓడలు ఆలస్యమైతే సింహాసనం కదిలేది.

ఇటలీ దేశపు దక్షిణాన, పూలియా ప్రాంతంలో అల్తమూర అనే పట్టణమున్నది. అక్కడ గట్టి గోధుమ పండుతుంది. ఆ గోధుమను రవ్వగా విసిరి, మళ్ళీ మెత్తగా విసిరి, పులియబెట్టి రొట్టె చేస్తారు. మనం పాలలో తోడు వేసినట్లే వారు నిన్నటి పులిసిన పిండిముద్దను నేటి పిండిలో కలుపుతారు. పైపెచ్చు దళసరిగా, కరకరలాడుతూ ఉంటుంది; లోపలి భాగం పసుపు వన్నెతో మెత్తగా ఉంటుంది. రోమను కవి హొరేస్, క్రీ.పూ. 1వ శతాబ్దంలో తాను చేసిన యాత్రను వర్ణిస్తూ, ఈ ప్రాంతపు రొట్టె శ్రేష్ఠమైనదనీ, తెలిసిన బాటసారి ముందు మజిలీకి కూడా మూటకట్టుకొని పోతాడనీ తన వ్యంగ్యకావ్యంలో చెప్పినాడు. అక్కడి రొట్టెను మూటకట్టుకొనడంలో అర్థమున్నది. అది చాలా రోజులు నిలువ ఉంటుంది. పొలాలలోను, మందల వెంబడి కొండలలోను రోజుల తరబడి గడిపే రైతులకు, గొర్రెల కాపరులకు అటువంటి రొట్టె అవసరం. ఎండి గట్టిపడిన ముక్కను నీటిలో తడిపి, ఆలివు నూనె, ఉల్లిపాయ, టమాటా కలిపి వారు తినేవారు.

అల్తమూరలోను, దాని పొరుగున ఉన్న మాతేరా పట్టణంలోను ఇంటింటికీ బట్టీ ఉండేది కాదు. కట్టెల కరవు ఉన్నచోట ప్రతి ఇల్లూ వేరే నిప్పు పెట్టుకొనలేదు. స్త్రీలు ఇంటివద్ద పిండి పిసికి, ముద్దను పలకమీద పెట్టి ఊరుమ్మడి బట్టీకి పంపేవారు. ఎవరి రొట్టె ఎవరిదో తెలియడానికి ప్రతి కుటుంబానికి ఒక కొయ్యముద్ర ఉండేది. ఇంటి పెద్ద పేరులోని తొలి అక్షరాలు చెక్కిన ఆ ముద్రను కాల్చబోయే ముందు ముద్దమీద ఒత్తేవారు. బట్టీలు వాడుకున్నందుకు సుంకం ఉండేది. 1527 నాటి అల్తమూర పురశాసనాలలోనే ఆ ప్రస్తావన ఉన్నది. మాతేరాలో కొండను తొలిచి చేసుకున్న గుహలలో పేదలు, వారి పశువులు కలిసి నివసించేవారు. ఆ దుస్థితి ఇటలీకే అవమానమని తలచి 1952లో ప్రభుత్వం ప్రత్యేక శాసనం చేసి వారిని కొత్త ఇళ్ళకు తరలించినది. 1993లో అవే గుహలను ఐక్యరాజ్యసమితి విద్యా, విజ్ఞాన, సాంస్కృతిక సంస్థ అయిన యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది. ఆ పేదల కొయ్యముద్రలను ఈనాడు యాత్రికులు ముచ్చటపడి జ్ఞాపికలుగా కొనుక్కుంటున్నారు.

అక్కడినుండి ఉత్తరానికి సాగి ఫ్లోరెన్సు నగరం చేరితే, తొలి ముక్క నోట పెట్టగానే ఏదో లోపమున్నట్లు తోస్తుంది. తస్కనీ ప్రాంతపు రొట్టెలో ఉప్పు ఉండదు. పూర్వం పీసా నగరంవారు సముద్రతీరంనుండి వచ్చే ఉప్పును అడ్డగించినారని కొందరు, ప్రభువుల ఉప్పు పన్నును భరించలేక జనం ఉప్పు మానుకున్నారని కొందరు చెబుతారు. ఇవి జనశ్రుతులు. ఉప్పు పన్ను ఎంతటి భారమో 1930లో దండి తీరానికి నడిచిన గాంధీజీ వెంట నడిచిన దేశానికి వేరే చెప్పనక్కరలేదు. కథ ఏదైనా, ఈ చప్పిడి రొట్టె చాలా పాతది. 1302లో ఫ్లోరెన్సు నుండి బహిష్కృతుడైన మహాకవి దాంతే, పరుల ఇంటి రొట్టె ఎంత ఉప్పనో తెలిసివచ్చే రోజు వస్తుందని తన 'దివ్యనాటకం'లో పూర్వికుని నోట చెప్పించుకున్నాడు. కన్నీటి ఉప్పదనమే ఆ మాటకు ప్రధానార్థం. ఉప్పులేని రొట్టె తిని పెరిగినవాడి నోట ఆ మాట రావడంలో మరింత సార్థకత ఉన్నది.

ఈ చప్పిడి రొట్టెను ఒంటిగా తిని తీర్పు చెప్పరాదు. చప్పిడి అన్నానికి ఆవకాయ తోడైనట్లు, దీనికి ఉప్పగా ఉండే గొర్రెపాల చీజు, నూనెలో ఊరిన ఆలివు కాయలు తోడు. మిగిలి ఎండిన రొట్టెను వారు పారవేయరు. నీటిలో నానబెట్టి పిండి, టమాటా, ఉల్లి, తులసిజాతి ఆకు, నూనె కలిపితే 'పంత్సనెల్ల'; చిక్కుడు గింజలు, ముదురు ఆకుకూర వేసి ఉడికించి, మరునాడు మళ్ళీ ఉడికిస్తే 'రిబొల్లీత'. మనవారి చద్దన్నం, తరవాణి, తిరగమోత పెట్టిన రాత్రి అన్నం ఈ కోవలోనివే. అన్నాన్ని పరబ్రహ్మమని నమ్మినవారికి ఈ వంటలను వివరించి చెప్పనక్కరలేదు. ఇంకొక విశేషం: ఈ వంటకాలలో విడదీయరానిదిగా కనిపించే టమాటా అమెరికా ఖండంనుండి వచ్చినది. 1492లో కొలంబసు యాత్ర జరిగిన తరువాతనే అది ఐరోపా చేరినది. మన పచ్చిమిరపకాయ కూడా అదే దారిన వచ్చినదే. 'తరతరాల వంటకం' అన్నప్పుడు ఎన్ని తరాలని అడగడం చరిత్రకారుని ధర్మం.

రొట్టె ధరను, తూకాన్ని శాసించిన కథ ఇంగ్లాండులో స్పష్టంగా కనిపిస్తుంది. ప్రభువును 'లార్డ్' అంటారు. పాత ఇంగ్లీషులో ఆ మాటకు రొట్టెను కాపాడేవాడు అని అర్థం. 'లేడీ' అంటే రొట్టె పిండి పిసికేది. 1266 ప్రాంతంలో మూడవ హెన్రీ రాజు కాలాన వెలువడిన రొట్టెల శాసనం ఒక విచిత్రమైన పద్ధతిని స్థిరపరచినది. రొట్టె వెల మారదు. గోధుమ ధర పెరిగినకొద్దీ రొట్టె బరువు తగ్గుతుంది. పంట పండినయేడు కాణీకి పెద్ద రొట్టె, పంట పోయినయేడు అదే కాణీకి చిన్న రొట్టె. తూకం తగ్గించి మోసం చేసిన వ్యాపారిని బజారులో కొయ్యకు బిగించి నిలబెట్టేవారు. ఆ భయంతో వ్యాపారులు డజను రొట్టెలు కొన్నవానికి మరొకటి చేర్చి 13 ఇచ్చేవారని, 'రొట్టెలవాని డజను' అనే మాట అందువల్ల పుట్టినదని చెబుతారు. కొసరు ఇవ్వనిదే బేరం ముగియని మన సంతలవారికి ఇది కొత్త కాదు. ఆ శాసనపు చివరి అవశేషాలు 1836లో గాని తొలగిపోలేదు.

ఫ్రాన్సులో బట్టీయే ప్రభువు సొత్తు. రైతు తన పిండిని ప్రభువు బట్టీలోనే కాల్చుకొని, అందుకు సుంకం చెల్లించవలసి ఉండేది. 1788 జులై 13న ఉత్తర ఫ్రాన్సులో వడగండ్ల వాన పండిన పైరును నేలమట్టం చేసినది. ఆ వెనుక వచ్చిన చలికాలంలో నదులు గడ్డకట్టి, నీటి మరలు నిలిచిపోయి, ఉన్న ధాన్యం కూడా పిండి కాలేదు. పారిస్‌లో మామూలుగా 8, 9 సూలకు దొరికే 4 పౌన్ల రొట్టె 1789లో 14½ సూలకు పెరిగినది. ఆ నగరంలో కూలివాని దినవేతనం 20 మొదలు 30 సూల వరకు ఉండేది. సంసారానికి రోజుకు అటువంటి రొట్టె ఒకటైనా కావాలి. ఆపైన అద్దె, వంటచెరకు, బట్ట ఎక్కడినుండి వస్తవి? ఆ జులై 14న బాస్తీయు కోట కూలినది. అక్టోబరు 5న పారిస్ బజారు స్త్రీలు వేలసంఖ్యలో వానలో తడుస్తూ వెర్సాయి రాజసౌధానికి నడిచి, మరునాడు రాజును, రాణిని, యువరాజును తమ వెంట నగరానికి తీసుకొనివచ్చినారు. రొట్టెలవానిని, అతని పెండ్లాన్ని, అతని కుర్రవాణ్ణి తెస్తున్నామని వారు కేకలు వేసినారట.

రొట్టె లేకపోతే మరేదో మెత్తని తీపి రొట్టె తినమని రాణి మేరీ ఆంత్వానెత్ అన్నదని లోకంలో వాడుక ఉన్నది. ఆ మాటను రూసో ఎవరో ఒక గొప్పింటి రాకుమారికి ఆపాదించి తన ఆత్మకథలో వ్రాసినాడు. ఆ భాగం వ్రాసే కాలానికి మేరీ ఆంత్వానెత్ ఇంకా ఆస్ట్రియాలో ఉన్న చిన్నపిల్ల. ఆమె అనకపోయినా జనం నమ్మినారు. ఆకలిగొన్నవారు నమ్మదగినట్లుగా రాజసౌధం నడుచుకున్నది. 1793 నవంబరులో విప్లవ ప్రభుత్వం ధనికులకు తెల్ల రొట్టె, పేదలకు తవుడు రొట్టె అనే భేదాన్ని రద్దుచేసి, అందరికీ ఒకే విధమైన 'సమానతా రొట్టె' చేయవలెనని ఆజ్ఞాపించినది. చాలినంత పిండి లేనందున ఆ రొట్టె సమానత్వాన్ని పంచినంతగా తృప్తిని పంచలేకపోయినది. అయినప్పటికీ రొట్టె ధర ప్రభుత్వపు బాధ్యత అనే భావం ఆ దేశంలో పాతుకొనిపోయినది. 1986లో గాని ధరల నియంత్రణ పూర్తిగా తొలగలేదు.

గోధుమ పండే నేల దాటి ఉత్తరానికి పోతే రొట్టె నల్లబడుతుంది. జర్మనీ ఉత్తరభాగంలో, పోలండులో, బాల్టిక్ తీరంలో ఇసుక నేలలు, చలి గాలులు. అక్కడ గోధుమకంటె రై అనే ధాన్యం బాగా పండుతుంది. ఇది మొదట గోధుమ చేలలో కలుపుమొక్కగా మొలిచి, గోధుమ ఓర్వలేని చలిని ఓర్చుకొని, తానే పంటగా స్థిరపడినది. రై పిండి గోధుమ పిండివలె సాగదు, పొంగదు. అందుచేత దానిని బాగా పులియబెట్టి, బరువైన నల్లరొట్టెగా కాలుస్తారు. వెస్ట్‌ఫాలియాలోని 'పుంపర్‌నికెల్' రొట్టెను మూతపెట్టిన పెట్టెలలో, సన్నని వేడిమీద, తక్కువలో తక్కువ 16 గంటలు ఉంచుతారు. చక్కెర కలపకుండానే దానికి నల్లని రంగు, కొంచెం తీపి వస్తవి. పలుచని ముక్కలుగా కోసి వెన్నతో తినవలెను. జర్మనులు రాత్రి భోజనాన్ని 'సాయంకాలపు రొట్టె' అనే పిలుస్తారు. పొయ్యి వెలిగించకుండా రొట్టె, వెన్న, చీజు, దోసకాయలతో ఆ పూట గడిపే అలవాటు అనేక ఇళ్ళలో ఉన్నది.

ఈ నల్లరొట్టె చరిత్రలో ఒక భయంకరమైన అధ్యాయమున్నది. తడి యెక్కువైన యేడు రై వెన్నులకు ఎర్గాట్ అనే బూజు పడుతుంది. మన సజ్జ చేలలో కనిపించే తేనెబంక తెగులుకు అది చుట్టమే. ఆ బూజు కలిసిన పిండితో చేసిన రొట్టె తిన్నవారికి కాలుసేతులు మంటలెత్తి, నల్లబడి, కుళ్ళి ఊడిపోయేవి. మరికొందరికి మూర్ఛలు, మతిభ్రమణం కలిగేవి. కారణం తెలియని జనం దానికి 'సెంట్ ఆంథొనీ అగ్ని' అని పేరు పెట్టినారు. 11వ శతాబ్దాంతంలో ఏర్పడిన ఆంథొనీ సన్యాసుల సంఘం ఈ రోగులకు వైద్యశాలలు నడిపినది. అటువంటి వైద్యశాల ఉన్న ఇసెన్‌హైం మఠం కోసం 1512, 1516 సంవత్సరాల నడుమ గ్రూనెవాల్డ్ చిత్రించిన శిలువ చిత్రాలను నేడు ఫ్రాన్సులోని కోల్మార్ చిత్రశాలలో చూడవచ్చును. ఒక మూలన ఒళ్ళంతా పుండ్లతో ఉన్న రోగి ఆకాశంవైపు చూస్తూ ఉంటాడు. మఠంలో చేరిన రోగులను ఈ చిత్రం ముందుకు తీసుకొనివచ్చేవారు. కోల్మార్ వెళ్ళినవారు ఆ చిత్రం చూచి వచ్చి రొట్టె తింటే, శుభ్రమైన పిండి అనే మాటకు ఎంత విలువ ఉన్నదో తెలుస్తుంది. అదే బూజునుండి తీసిన మందు తరువాతి కాలంలో కాన్పు వెనుక రక్తస్రావాన్ని ఆపడానికి వినియోగపడినది.

ఇంకా ఉత్తరాన స్వీడన్, ఫిన్లండ్ దేశాలలో రొట్టెకు మధ్య చిల్లు ఉంటుంది. పశ్చిమ ఫిన్లండ్‌లో పూర్వం యేటికి రెండుసార్లు మాత్రమే బట్టీ వెలిగించి, పలుచని రై రొట్టెలు కాల్చి, ఆ చిల్లులలో వాసం దూర్చి ఇంటి కప్పుకింద వ్రేలాడదీసేవారు. అవి నెలల తరబడి ఎండి నిలిచేవి. తూర్పు ప్రాంతంలో చలి కాచుకొనడానికి తరచు బట్టీ వెలిగించేవారు కనుక అక్కడ మెత్తని, దళసరి రొట్టె వాడుకలోనికి వచ్చినది. స్విట్జర్లండ్‌లోని వలే లోయలోను ఊరుమ్మడి బట్టీని యేటికి రెండు మూడుసార్లే వెలిగించి రై రొట్టెలు చేసుకొని దాచేవారు. ఒకే ధాన్యంతో చేసిన రొట్టె ఒకచోట గట్టిగా, మరొకచోట మెత్తగా ఉండడానికి నిప్పే కారణం. 1866 మొదలు 1868 వరకు ఫిన్లండ్‌లో పంటలు పోయి ఘోరమైన క్షామం వచ్చినది. జనాభాలో సుమారు 8 శాతం మరణించినారు. అప్పుడు దేవదారు జాతి చెట్ల లోపలి బెరడును ఎండబెట్టి, దంచి, పిండిలో కలిపి రొట్టె చేసుకున్నారు. ఆ దేశ ప్రజలు 2017లో తమ స్వాతంత్ర్య శతవార్షిక సందర్భంలో జాతీయాహారం ఏదని ఓటు వేసి రై రొట్టెను ఎన్నుకున్నారు. ఆ ఓటు వెనుక నాలుక రుచి ఒక్కటే ఉన్నదని అనుకొనరాదు.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో రొట్టె మళ్ళీ ప్రాణానికి తూకపురాయి అయినది. నేడు సెంట్ పీటర్స్‌బర్గ్ అని పిలిచే లెనిన్‌గ్రాడు నగరాన్ని జర్మను సేనలు 1941 సెప్టెంబరు 8 మొదలు 1944 జనవరి 27 వరకు ముట్టడించినవి. 1941 నవంబరు 20 నుండి డిసెంబరు 25 వరకు పిల్లలకు, ఆశ్రితులకు, ఉద్యోగులకు దినానికి 125 గ్రాముల రొట్టె మాత్రమే ఇచ్చినారు. అందులోనూ పిండితోపాటు పత్తిచెక్క వంటివి కలిసినవి. హాలండులో 1944-45 చలికాలపు కరవులో 20 వేలమందికి పైగా మరణించినారు. 1945 తొలి నెలలలో స్వీడన్ పంపిన పిండితో కాల్చిన తెల్లరొట్టెను తిన్న డచ్చివారు ఆ రుచిని జీవితాంతం తలచుకున్నారు. బ్రిటనులో 1942 నుండి 1956 వరకు తవుడుతో కూడిన 'జాతీయ రొట్టె' అమ్మినారు. యుద్ధం ముగిసిన తరువాతనే, 1946 జులై నుండి 1948 జులై వరకు, అక్కడ రొట్టెకు రేషను పెట్టవలసి వచ్చినది.

ఈ కథలన్నిటినుండి ఒక సత్యం బయటపడుతున్నది. ఈనాడు యాత్రికుడు రుచి అని మెచ్చుకొనే లక్షణాలలో పెక్కు ఆనాటి కొరతలు. గట్టి పెచ్చు నిలువ కోసం వచ్చినది. నల్లరంగు పేదనేల ఇచ్చినది. పెద్ద ఆకారం కట్టెల పొదుపు నేర్పినది. రెండోనాటి వంటకం పారవేయలేని దైన్యంలోనుండి పుట్టినది. శతాబ్దాల తరబడి ఐరోపాలో తెల్లరొట్టె కలవారి బల్లమీద, నల్లరొట్టె లేనివారి చేతిలో ఉండేది. ఇప్పుడు ఆ వరుస తారుమారైనది. 1961లో ఇంగ్లాండులోని చార్లీవుడ్ పరిశోధనాలయంలో పిండిని యంత్రవేగంతో కలిపి, పులిసే సమయాన్ని బాగా తగ్గించే పద్ధతి కనిపెట్టిన తరువాత మెత్తని తెల్లరొట్టె అందరికంటె చౌకైనది. నిదానంగా పులిసిన నల్లరొట్టెకు వెల పెరిగినది.

పాతరొట్టెను కాపాడుకొనడానికి చట్టాలు కూడా వచ్చినవి. ఫ్రాన్సులో 1993 సెప్టెంబరు 13 నాటి ఉత్తరువు ప్రకారం 'సంప్రదాయ' రొట్టె అనే పేరుతో అమ్మేదానిలో కృత్రిమ ద్రవ్యాలు కలపరాదు. పిండిని మంచుగడ్డగా నిలువ చేయరాదు. అల్తమూర రొట్టె పేరుకు 2003లో ఐరోపా సమాజపు రక్షణ లభించినది. అంతకు కొంచెం ముందు, 2001లో, అమెరికా దేశపు ప్రసిద్ధమైన భోజనశాలల సంస్థ ఒకటి ఆ పట్టణంలో శాఖ తెరచినది. పక్కనే ఉన్న చిన్న రొట్టెల అంగడి ధాటికి తట్టుకొనలేక రెండేళ్ళు నిండకముందే మూసివేసినది. 2022లో ఫ్రెంచివారి పొడవాటి 'బగెత్' రొట్టె తయారీ విద్యను యునెస్కో మానవజాతి సాంస్కృతిక వారసత్వాలలో చేర్చినది. అయితే ఆ పేరు పారిస్ రొట్టెకు స్థిరపడినది 1920 ప్రాంతంలో మాత్రమే. ఇటలీ సంప్రదాయమని లోకమంతా తినే 'చాబాత్త' 1982లో వెనిసు సమీపాన తయారైనది. అన్ని పాతవీ నిజంగా పాతవి కావు. కొత్తవైనంత మాత్రాన రుచిలేనివీ కావు.

ఆ దేశాలకు వెళ్ళదలచినవారికి రెండు మూడు మాటలు. పెద్ద భోజనశాలలకంటె ఉదయపు వేళ వీధిలోని రొట్టెల అంగడిలో ఆ ఊరి రొట్టె పేరు అడిగి కొనడం మేలు. జర్మనీలో నమోదైన రొట్టె రకాలు 3 వేలకు పైగా ఉన్నవి. ప్రతి ఊరికి ఏదో ఒకటి దొరుకుతుంది. శాకాహారులు కొన్ని రొట్టెలలో పందికొవ్వు కలుస్తుందని గుర్తుంచుకొని, దానిని ఇటలీలో 'స్త్రుత్తో' అని, జర్మనీలో 'ష్మాల్త్స్' అని పిలుస్తారని తెలుసుకొని అడగవలెను. ఇటలీలో అనేకచోట్ల రొట్టెకు, బల్లమీది గుడ్డకు కలిపి 'కొపెర్తో' అని తలకింత లెక్కకడతారు. అడగని రొట్టెకు వెల ఏమిటని కంగారుపడనక్కరలేదు. నల్లరొట్టె తొలి ముక్క పుల్లగా, బరువుగా తోస్తుంది. రాగిసంకటిని తొలిసారి తిన్నవాని అనుభవం వంటిదే అది. రెండవ పూటకు నాలుక దారికి వస్తుంది.

రాగిసంకటి ప్రస్తావన వచ్చినది కనుక మన నేల గురించి ఒక మాట. రాయలసీమలోను, తెలంగాణపు మెట్టప్రాంతాలలోను జొన్న, రాగి, సజ్జ, కొర్ర తిని బ్రతికిన ఇళ్ళలో వరి అన్నం పండుగనాటి భోజనంగా ఉండేది. వరి అన్నం గౌరవం, జొన్నరొట్టె పేదరికం. 1983లో కిలో 2 రూపాయలకు బియ్యం ఇచ్చే పథకం వచ్చిన తరువాత ఆ ఇళ్ళకు అన్నం దినభోజనంగా దగ్గరైనది. ఆ మేలు చిన్నది కాదు. 2023 సంవత్సరాన్ని, మన దేశం చేసిన ప్రతిపాదనపై, ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపినది. ఇప్పుడు నగరాలలో కొర్రబియ్యానికి సన్నబియ్యాన్ని మించిన వెల. ఐరోపా నల్లరొట్టెకు జరిగినదే మన జొన్నకూ జరుగుతున్నది.

ఈ మార్పును చూచి సంతోషించవలసినదే. కాని ఆ ధాన్యాన్ని ముళ్ళలో, రాళ్ళలో పండించి, దానిని తిన్నందుకే చిన్నచూపు చూడబడిన తరాలను మరచి, రుచిని మాత్రమే తీసుకొనడం న్యాయం కాదు. కేలెర్ అనే దాసుని పేరు ఒక్క రొట్టెమీద మిగిలినది. పేరు మిగలనివారు వేలకొలది. బుట్టలోని ముక్కను విరిచేటప్పుడు వారిని ఒక్క క్షణం తలచుకొంటే, తిన్నది ఒంటికి పట్టడమే గాక మనసుకూ పడుతుంది.